బండి దీపం దించిన చోటు

1

కొత్త నీలారం చేరాను. ఇక్కడి బండ్లకు దయ్యం పట్టిందని మా కేంద్రానికి ఫిర్యాదు వచ్చింది. దయ్యం అన్న మాట నాది కాదు, ఫిర్యాదులోనే ఉంది. బండ్ల నడకలో తప్పులు వెతికి సరిచేయడం నా పని. అంగారకుడి మీద గుమ్మటాల కింద కట్టిన ఊళ్ళు చాలా తిరిగాను కానీ దయ్యం పట్టిన బండిని ఇంతవరకు చూడలేదు. అందుకే వేరొకరికి వచ్చిన ఈ పనిని బతిమాలి మరీ పుచ్చుకున్నాను. కుతూహలం నా జబ్బని మా అమ్మ అంటుంది. నిజమే కావచ్చు, మందు మాత్రం వేసుకోను.

వాహనం దగ్గర నన్ను దించుకోవడానికి ఓదెలు వచ్చాడు. ఈ ఊరికి నీరటి అతను. నేలలోని మంచు తవ్వించి, కరిగించి, ఇళ్ళకూ జొన్న మడులకూ వంతులవారీగా నీళ్ళు వదులుతాడు. నన్ను చూసిన సంతోషం కంటే నా సంచిలో ఏముందోనన్న ఆత్రమే అతని ముఖంలో ఎక్కువగా కనిపించింది. కారణం దారిలోనే తెలిసింది. పాత మంచుగని అడుగంటుతోంది. జొన్న ఆకుల కొసలు ఎండుతున్నాయి. స్నానాలకు వంతు తీసేశారు, తాగే నీళ్ళకూ కోత పెట్టారు. గుమ్మటం కింద కొత్తగా తవ్వడానికి మిగిలిన జాగ ఒక్కటే, అది ఊరి నడిబొడ్డున ఉంది. తవ్వుడు బండ్లు అందులోకి పోవడం లేదు.

"పోయినట్టె పోతయి మేడం. మూల మీదికి రాంగనె దీపం దించి నిలవడ్తయి. ఎంత కొట్టినా కదలయి," అన్నాడు.

యంత్రాన్ని కొట్టకూడదన్నాను. కొట్టలేదనీ, మాటవరసకు అన్నాననీ చెప్పాడు. బండ్ల మీద సొట్టలు కనిపించాయి. మొదటిరోజే గొడవెందుకని ఊరుకున్నాను.

2

తవ్వుడు బండ్లు రెండు. ఒకదాని పేరు కర్రిది, ఇంకోదాని పేరు మచ్చది. ఎడ్లకు పెట్టినట్టే పెట్టుకున్నారు.

కర్రిది పెద్దతొవ్వ మీద, అంటే ఊరి నడి దారి మీద, చక్కగా నడిచి వచ్చింది. ఖాళీ జాగ మొదలయ్యే మూల దగ్గర వేగం తగ్గించింది. నెత్తిమీది దీపాన్ని నేలవైపు దించింది. జాగ పొడుగునా అలాగే తల వంచుకుని మెల్లగా నడిచి, అటు మూల దాటగానే దీపం ఎత్తి మళ్ళీ మామూలు నడక అందుకుంది. జాగలోకి తిరగమంటే మాత్రం అంచు దగ్గరే నిలబడిపోయింది. నాకు నవ్వొచ్చింది. చెడిపోయిన బండ్లను చాలా చూశాను, మర్యాద చేసే బండిని చూడటం ఇదే మొదలు.

ఇందులో దయ్యం పనేమీ లేదు. బండ్లు మనుషుల్ని చూసి నడక నేర్చుకుంటాయి. మనం ఎక్కడ మెల్లగా నడుస్తామో అక్కడ అవీ మెల్లగా నడుస్తాయి. మనిషి అడుగు పెట్టని చోట బండి అడుగు పెట్టదు. ఒకప్పుడు బండ్లు ఎక్కడపడితే అక్కడ తవ్వి కప్పులు కూల్చి మనుషుల ప్రాణాలు తీశాయి. అప్పటినుంచి ఈ కట్టడిని వాటి తయారీలోనే పెట్టేశారు. దాన్ని తీసేసే హక్కు నాకే కాదు, నా పైవాళ్ళకూ లేదు. నేర్చుకున్నది మాత్రం చెరపగలను. కర్రిది నేర్చుకున్న నడకంతా చెరిపేసి ఊరి మీదికి వదిలాను. నిన్నంతా దీపం ఎత్తుకునే తిరిగింది. నా పని అయిపోయిందని సంబరపడ్డాను. ఇవాళ చూస్తే మళ్ళీ దించుతోంది.

ఇంకొకటి రాసిపెట్టుకోవాలి. ఆ మూల నుంచి ఈ మూల దాకా నేల మిగతా ఊరికంటే చల్లగా ఉంది. అరికాళ్ళు జివ్వుమన్నాయి. వేడిగొట్టం ఏదైనా పాడైందేమో, ఓదెలుతో చెప్పాలి.

3

బండి ఎవర్ని చూసి నేర్చుకుందో తెలుసుకోవాలంటే బండిని వదిలేసి మనుషుల్ని చూడాలి. జాగ ఎదుట ఒక డబ్బా బోర్లించుకుని కూర్చున్నాను.

ఇక్కడివాళ్ళు పాత గొట్టాల రబ్బరుతో కుట్టిన చెప్పులు తొడుక్కుంటారు. జాగ మూల దగ్గరికి వచ్చిన ప్రతి మనిషీ ఆ చెప్పులు విప్పి చేత పట్టుకుంటున్నాడు. అటు మూల దాటాక మళ్ళీ తొడుక్కుంటున్నాడు. తల మీద మూటతో వచ్చిన ఒకామె మూట దించి, చెప్పులు విప్పి, చంకన పెట్టుకుని, మళ్ళీ మూట ఎత్తుకుంది. పిల్లలైతే పరుగు ఆపకుండానే ఒక్క ఊపులో విప్పేస్తున్నారు. ఎవరూ మాటలు ఆపడం లేదు, కాళ్ళవైపు చూడటం లేదు. ఒక్కరు కూడా జాగలో కాలు పెట్టలేదు. చెప్పులు లేని బండి ఆ వంగడం చూసి దీపం వంచుతోందన్నమాట.

అక్కడేమైనా దేవుణ్ణి నిలిపారా అని అడిగాను. లేదన్నారు. చెప్పులు అరగకుండా అని ఒకరన్నారు. నేల గట్టిపడటానికని ఇంకొకరు. చాలామంది మాత్రం నన్ను వింతగా చూసి, తాము చెప్పులు విప్పలేదన్నారు. ఓదెలు కూడా అంతే.

"నేనేడ ఇప్పిన మేడం?" అన్నాడు. చెప్పులు అతని చేతిలోనే ఉన్నాయి.

నేను వేలుపెట్టి చూపించాను. తన చేతిని తానే కాసేపు చూసుకుని నీళ్ళు నమిలాడు. ఊళ్ళో నీళ్ళకు కరువొచ్చినా వాటికి మాత్రం కొదవ లేదని ఏడిపించాను. నవ్వాడు కానీ ఆ నవ్వు సరిగ్గా రాలేదు. అతన్ని ఏడిపించినందుకు నాకే బాధనిపించింది.

ఉమ్మడి వంటశాలలో ఇంకో చిత్రం చూశాను. ఇక్కడ అందరూ అందరికీ అన్న, వదినె, చిన్నాయన, పెద్దవ్వ. ఊరిపెద్ద రాజేశాన్ని కూడా రాజేశం మామ అనే పిలుస్తారు. ఒక్క వంటాయన మాత్రం జనార్దన్ సారు. జొన్నరొట్టెలు కాల్చే మనిషికి సారు అన్న పిలుపు ఎక్కడినుంచి వచ్చింది? ఆయన్నే అడిగాను. రొట్టె తిప్పుతూ, పొయ్యి దగ్గర పొగ ఉంది, దూరంగా కూర్చోండి అన్నాడు. అక్కడ పొగ రాదు. అది కరెంటు పొయ్యి.

4

ఊరివాళ్ళను చూసే బండి పాడవుతోందని తేలింది కాబట్టి ఉపాయం సులువే అనుకున్నాను. పెద్దతొవ్వ మీదికి ఎవరూ రాకుండా ఓదెలును కాపలా పెట్టాను. కర్రిది నడకంతా మళ్ళీ చెరిపేశాను. దాన్ని వెంటబెట్టుకుని నేనొక్కదాన్నే జాగ వెంబడి అటూ ఇటూ ఓపిగ్గా తిప్పాను. నాది ఈ ఊరు కాదు. నేను పుట్టి పెరిగిన సాలూరు గుట్ట ఎక్కడో ఉంది. మా ముత్తాతలు ఉత్తరాంధ్ర నుంచి వచ్చినవాళ్ళు. ఈ ఊరి అలవాట్లు నాకెందుకుంటాయి?

పాఠం అయ్యాక బండిని ఒంటరిగా పంపాను. మూల దగ్గర దీపం దించింది.

కాలుకాలిన పిల్లిలా తిరిగాను. ఏ ముక్క చెడిందో అర్థం కాక, చివరికి అది పాఠం నేర్చుకుంటున్నప్పుడు దాని కన్ను తీసిన చిత్రాన్ని పెట్టి చూశాను. పెద్దతొవ్వ కనిపిస్తోంది. ముందు నేను నడుస్తున్నాను, బండితో ఏదో మాట్లాడుతూ, చాలా తెలివైనదాన్నన్నట్టు చెయ్యి ఊపుతూ. రెండో చేతిలో నా చెప్పులున్నాయి.

మళ్ళీ పెట్టి చూశాను. మూల దగ్గర వంగుతున్నాను, విప్పుతున్నాను, చేత పట్టుకుంటున్నాను. అటు మూల దాటాక తొడుక్కుంటున్నాను. మాట మధ్యలో ఎక్కడా ఆగడం లేదు. ఇది చేసినట్టు నాకు ఆవగింజంత కూడా గుర్తు లేదు.

ఇది రాయడానికి సిగ్గుగానే ఉంది. కానీ ఉన్న మాట చెప్పాలంటే సిగ్గుకంటే ఆశ్చర్యమే ఎక్కువగా ఉంది. ఓదెలుకు చిత్రం చూపించాను. ఈసారి అతను నిజంగా నవ్వాడు. నన్ను మేడం అనడం కూడా మానేసి అక్కా అంటున్నాడు.

5

ఇవాళ పొద్దున్న నా పాత నమోదు తిరగేస్తుంటే అరికాళ్ళు జివ్వుమన్న సంగతి కనిపించింది. చెప్పులు తొడుక్కున్న మనిషికి నేల చల్లదనం ఎలా తెలుస్తుంది? ఊళ్ళోకి వచ్చిన కొద్దిరోజులకే నేనూ విప్పేశానన్నమాట. అది రాసుకున్న రోజున కూడా తట్టలేదు.

నవ్వుకుంటూనే ఇంకో సంగతి ఆలోచించాను. వేడిగొట్టాలన్నీ బాగున్నాయని ఓదెలు వెతికి చెప్పాడు. మరి ఆ చల్లదనం ఎక్కడిది? ఊరివాళ్ళను అడిగితే, అక్కడ ఎప్పుడూ అంతేననీ, కాళ్ళు గడ్డకడతాయనీ, భయానికి అలా అనిపిస్తుందేమోననీ చెప్పారు. నేల చప్పుడు వినే కడ్డీని తెచ్చి జాగ అంచున దించాను. ఓదెలు చెవిలోనూ ఒక గొట్టం పెట్టాను. కింద మంచు ఉంది. పలకలు పలకలుగా, లోతుగా, జాగ కిందంతా పరుచుకుని ఉంది. పాత గని అంతటివి ఎన్నో అందులో పడతాయి.

ఓదెలు గొట్టం తీయకుండా అలాగే కూర్చుండిపోయాడు. కళ్ళు తుడుచుకున్నాడు.

అదే పూట కేంద్రం నుంచి మాట వచ్చింది. నీళ్ళు చాలని ఊళ్ళో జనాన్ని ఉంచలేమట. తర్వాతి వాహనం వచ్చేలోగా కొత్త గని తెరవకపోతే, అందులోనే కొత్త నీలారం వాళ్ళను ఖాళీలున్న గుమ్మటాలకు పంచేస్తారు. ఒక కుటుంబం ఒకచోటికి, ఒకటి ఇంకోచోటికి. ఓదెలు భార్యాబిడ్డల పేర్లు ఒక గుమ్మటానికి, అతని తల్లి పేరు ఇంకో గుమ్మటానికి పడ్డాయి. ఆమె కళ్ళు కనిపించని మనిషి. పొద్దున్న లేస్తే కొడుకు గొంతు వినిపించిన వైపు చెయ్యి చాచి వెతుక్కుంటుంది.

"మా ఊరు ఒకపారి నీళ్ళెక్కువై మునిగింది అక్కా. ఇప్పుడు నీళ్ళు లేక పోవుడా?" అన్నాడు ఓదెలు.

 మంచు కాళ్ళ కింద ఉంది, బండ్లు పక్కనే ఉన్నాయి. మధ్యలో అడ్డం ఏముందో మాత్రం తెలియడం లేదు.

6

అడ్డం ఏముందో తెలిసింది. కొమురవ్వ చెప్పింది. మొదటి వాహనంలో తల్లి చంకనెక్కి వచ్చిన పిల్ల ఆమె. ఇప్పుడు ఊళ్ళో అందరికంటే పెద్దది. నా ప్రశ్నలతో ఆమె తల తినేశాను. మొదట గుక్క తిప్పుకోనీయకుండా నన్నే అడిగింది, పెళ్ళయిందా, పిల్లలెందరు, ఈ ఉద్యోగమేంటి, ఊరూరా తిరగడమేంటి అని. అన్నీ చెప్పాకే తన మాట మొదలుపెట్టింది.

కింద భూమ్మీద, పాత నీలారంలో, ఊరి నడిబొడ్డున దొర గడి ఉండేదట. గడి అంటే కోటగోడల్లాంటి గోడలున్న పెద్ద ఇల్లు. చుట్టూ ఊళ్ళ భూములన్నీ ఆ ఇంటివే. దున్నేవాళ్ళూ, మోసేవాళ్ళూ, కట్టెలు కొట్టేవాళ్ళూ మాత్రం ఊరివాళ్ళు. కూలి ఉండదు.

"గడి ముందట్నుంచి పోవాల్నంటె చెప్పులు ఇప్పి చేతవట్టుకోవాలె బిడ్డా. గొడుగు ముడువాలె. బండి మీదున్నోడు దిగాలె. దొర అరుగు మీద ఉన్నా లేకున్నా గంతే. ఎవడన్న ఎదురు మాట్లాడితె ఆని పొలానికి నీళ్ళు బందు."

తర్వాత జనం తిరగబడ్డారట. దొర పట్నానికి పారిపోయాడు. గడి గోడల్లో గబ్బిలాలు చేరాయి. అయినా ముసలివాళ్ళు దాని ముందు చెప్పులు విప్పడం మానలేదు. వాళ్ళను చూసి పిల్లలూ విప్పారు. ఎందుకో పిల్లలకు ఎవరూ చెప్పలేదు. కొన్నాళ్ళకు ప్రాజెక్టు కట్టారు, ఊరు మునిగింది, గడీ మునిగింది. ఊరివాళ్ళు అక్కడా ఇక్కడా బతికి, వాళ్ళ మనవల కాలానికి ఇక్కడికి వచ్చారు. మునిగిన ఊరి మీద మమకారంతో అదే ఊరిని ఇక్కడ మళ్ళీ గీసుకున్నారు. ఎవరి ఇల్లు ఎక్కడుండేదో అక్కడే.

"గడి మాత్రం వద్దన్నరు. అందరు ఒక్కమాట మీద వద్దన్నరు. మా నాయినకు ఎంత సంబురమో. దొర లేని ఊరు కడ్తున్నమని ఎగిరిండు."

"మరి జాగ?" అన్నాను.

"జాగ ఇడిశిపెట్టిన్రు. అండ్ల ఎవడు ఇల్లు కట్టుకుంటడు? మా నాయిన కట్టుకుంటడా?" కొమురవ్వ తన చెప్పులకేసి చూసుకుంది. "గడిని ఆడ్నే ఇడిశి అచ్చినమనుకున్నం బిడ్డా. దాని జాగ మోసుకచ్చినం."

ఇంకో ముడి కూడా విప్పింది. జనార్దన్ సారు ఆ దొర వంశం వాడేనట. ఆస్తులన్నీ కరిగిపోయాక ఆ ఇంటి ఆడపిల్ల ఒకామె పంతులమ్మ అయింది. ఈ ఊరి పిల్లలకు చదువు చెబుతూ వీళ్ళతోపాటే వచ్చేసింది. ఆమె మనవడే ఈ వంటాయన. సాయంత్రం వెళ్ళి అడిగితే ఈసారి ఆయన పొగ సంగతి ఎత్తలేదు.

"నేను కనవడితె అందరు లేశి నిలవడ్తుండె అమ్మా. వద్దన్నా ఇనరు. వంటకాడ అయితే అందరు కూసుంటరు, నేను నిలవడ్త. అందుకే ఈ పని అడిగి తీసుకున్న," అన్నాడు.

అంతకుముందు, కొమురవ్వ దగ్గర్నుంచి లేచేటప్పుడు, నా సొంత సంగతి కూడా అడిగాను. "నాను మీ ఊరిదాన్ని కాదు కదవ్వా. మరి నా చెప్పులెందుకిప్పీసినట్టు?"

"గది నాకేం ఎరుక. నీ కాళ్ళనడుగు," అంది.

7

భోజనాల వేళ వంటశాలలోనే ఊరంతా కూర్చుంది. ఓదెలు మంచు సంగతి చెప్పాడు. నేను బండ్ల సంగతి చెప్పాను. బండి జాగలోకి పోవాలంటే ముందు మనుషులు పోవాలి. చెప్పులు తొడుక్కుని, తల ఎత్తుకుని, మామూలుగా మాట్లాడుకుంటూ, అటూ ఇటూ తిరగాలి. అది చూసి బండి నేర్చుకుంటుంది. దానికి వేరే మందు లేదు.

తవ్వాలని అందరూ ఒప్పుకున్నారు. ఒక్కరూ కాదనలేదు. ముందు ఎవరు పోతారు అని నేను అడిగేసరికి మాత్రం ఎవరి గిన్నెలోకి వాళ్ళు చూసుకున్నారు. చివరికి రాజేశం గొంతు సవరించుకుని, సారును ఒక మాట అడిగితే బాగుంటుందన్నాడు. గదిలో అందరి భుజాలూ ఒక్కసారి తేలికపడ్డాయి. అవునవును, సారు సరే అంటే ఇంకేముంది అన్నారు.

పొయ్యి దగ్గర జనార్దన్ సారు ముఖం ఎర్రబడింది. "నన్నెందుకు అడుగుతున్నరు? ఆ జాగ నాది కాదు. ఎన్నడు కాదు. తవ్వుండ్రి," అన్నాడు.

అందరూ లేచారు. ఆడవాళ్ళు పిల్లల్ని చంకనెత్తుకున్నారు. ఓదెలు రెండు చేతులూ జోడించి ఆయనకు దండం పెట్టాడు. అప్పుడే తవ్వేసేంత హుషారు వచ్చింది. నాకూ వచ్చిందని ఒప్పుకోవాలి. పని తెమిలిందనుకుని నా సంచి సర్దుకోబోయాను.

"కూసోండ్రి," అంది కొమురవ్వ.

గొంతు పెద్దదేమీ కాదు. అయినా కూర్చున్నారు.

"తవ్వుండ్రి అనంగనె లేశిన్రు. తవ్వద్దంటె ఏం చేద్దురు?"

 జనార్దన్ సారు చేతిలోని అట్లకాడ అలాగే ఉండిపోయింది.

"ఆయన మంచోడే. నేను కాదంటలేను. రేపు నీళ్ళు పడ్డంక సారు దయ అంటరు. మీ పిల్లలు, ఆళ్ళ పిల్లలు గదే అంటరు. నేను సచ్చేదాక గా మాట ఇనను."

అడగకుండా పోదామంటే ఎవరికీ కాళ్ళు రావు. అడిగి పోతే ఏమవుతుందో ఈ ముసలామె చెప్పేసింది. నా సంచి మళ్ళీ కింద పెట్టాను. 

జనార్దన్ సారు నెమ్మదిగా అడిగాడు. "మరి నేనేం చెయ్యాలె పెద్దవ్వా?"

"నువ్వేం చెయ్యకు. రొట్టె మాడుతంది, సూసుకో."

నిజంగానే మాడుతోంది. ఎవరో కిసుక్కుమన్నారు. తర్వాత మరికొందరు. నవ్వుతూనే అందరూ ఇళ్ళకు పోయారు, ఏమీ తేలకుండానే.

8

పొద్దున్నే రెండు బండ్ల నడకనూ చెరిపేసి పెద్దతొవ్వ మీద నిలబెట్టాను. ఎవరూ పిలవకపోయినా, ఎవర్నీ అడగకుండానే ఊరంతా మూల దగ్గరికి చేరింది.

మొదట రాజేశం వచ్చాడు. చెప్పులు ఊడిరాకుండా కాళ్ళకు తాడుతో కట్టుకున్నాడు. మూల దాకా పులిలా నడిచాడు. అక్కడికి వచ్చాక చేతులు వాటంతటవే కిందికి పోయాయి. తాడు ముడి రాక అక్కడే చతికిలబడ్డాడు. అందరూ నవ్వారు. తర్వాత ఓదెలు వచ్చాడు. చేతులు వెనక్కి కట్టుకున్నాడు. అంచు దగ్గర ఆగిపోయాడు, పాదం ఎత్తాడు, దించాడు. ముఖం చెమటతో తడిసిపోయింది. ఈసారి ఎవరూ నవ్వలేదు. నేను ప్రయత్నిద్దామని లేచాను. మూల చేరేసరికి ఒక చెప్పు అప్పటికే నా చేతిలో ఉంది.

బండ్లు చూస్తున్నాయి. ఇంకాసేపు ఇలాగే గడిస్తే ఇదే నడక నేర్చుకుంటాయి.  వాహనం వచ్చే రోజు దూరంగా ఏమీ లేదు. ఓదెలు తల్లి గోడ పట్టుకుని ఎక్కడున్నావురా అని అడుగుతోంది.

కొమురవ్వ కర్ర పొడుచుకుంటూ వచ్చింది. మూల దగ్గర నిలబడింది. చాలాసేపు నిలబడింది. మెల్లగా వంగింది. చెయ్యి చెప్పు మీదికి పోయింది. అయిపోయింది అనుకున్నాను. ఆమె చెప్పు పట్టీ లాగి, ఇంకో రంధ్రానికి బిగించి, రెండోదీ బిగించి, నడుం పట్టుకుని లేచింది. జాగలోకి అడుగు వేసింది.

రబ్బరు చెప్పులు ఆ నేల మీద టపటప మన్నాయి. అక్కడ ఆ చప్పుడు ఎవరూ ఎప్పుడూ వినలేదు. కొమురవ్వ ప్రతి అడుగుకీ ముందు కర్ర ఆనించి చూసుకుంది. నడుమ దాకా పోయి వెనక్కి తిరిగింది.

"ఓదెలూ, తవ్వుడు ఈడనా, ఇంక ముందటికా?"

"ఆడ కాదు పెద్దవ్వా, ఇంక జర ఎడమకు," అంటూ ఓదెలు పరుగెత్తాడు. కడ్డీ ఎక్కడ దించామో, మంచు ఎక్కడ పైకి ఉందో చేతులు తిప్పుతూ చూపించాడు. అంతా చూపించాక తన కాళ్ళవైపు చూసుకున్నాడు. చెప్పులు ఉన్నాయి. 

ఆ తర్వాత ఒకరి వెనక ఒకరు పోయారు. కొందరు కళ్ళు మూసుకుని, కొందరు ఏడుస్తూ, పిల్లలు గోల చేస్తూ. ఓదెలు తల్లిని చెయ్యి పట్టుకుని తెచ్చాడు. నేనూ పోయాను, ఇద్దరు ఆడవాళ్ళు నా రెండు చేతులూ పట్టుకుంటే.

చివరికి ఒక్క మనిషే మూల దగ్గర మిగిలాడు. జనార్దన్ సారు. ఆయన కూడా చెప్పులు చేత పట్టుకునే ఉన్నాడు. ఈ ఊళ్ళో పుట్టినవాడు కదా, అందర్నీ చూసి నేర్చుకుని చిన్నప్పటినుంచీ విప్పుతూనే ఉన్నాడు. ఆ గడి తమదేనని తెలిశాక కూడా మానలేకపోయాడు.

"జనార్దనూ, చెప్పులేసుకొని రా. కాళ్ళకు సలి వెడ్తది," అంది కొమురవ్వ.

పిలుపులో సారు లేదు. జనం తలలు అటు తిరిగాయి. ఆయన ముఖం ఎలా అయిందో రాయడం నాకు చేతకాదు. కింద కూర్చుని, చిన్నపిల్లవాడిలా ఒక్కొక్కటే తొడుక్కుని, వచ్చి అందరిలో కలిశాడు. ఎవరూ పక్కకు జరగలేదు. జరగకపోవడం కష్టంగానే ఉన్నట్టుంది, కొందరి భుజాలు బిగుసుకున్నాయి.

కర్రిది కదిలింది. మూల దగ్గర దీపం కొద్దిగా వంగింది. మళ్ళీ లేచింది. అలాగే ఎత్తుకుని జాగలోకి వచ్చింది. మచ్చది దాని వెనకే వచ్చింది.

9

తవ్వితే మంచు తగిలింది. నీళ్ళు వచ్చాయి. పంపకాల ఉత్తర్వును కేంద్రం వెనక్కి తీసుకుంది. మొదటి కడవ నింపి ఓదెలు అలవాటుగా జనార్దన్ ఉండే వంటశాల వైపు నాలుగడుగులు వేశాడట, అంతలో ఆగి తల్లి దగ్గరికి తీసుకుపోయాడట. వంటశాలకైతే వంటకోసమే కదా అని వాదించేవాళ్ళూ ఉన్నారు. అదీ నిజమే కావచ్చు. దాన్ని కొలిచే కడ్డీ నా దగ్గర లేదు.

ఫిర్యాదు మూసేశాను. కారణం రాయాల్సిన చోట "పాత అలవాటు" అని రాశాను. ఎవరి అలవాటు అని పైవాళ్ళు అడిగారు. జవాబు ఇంకా పంపలేదు.

10

సాలూరు గుట్టకు, మా ఇంటికి వచ్చేశాను. కొమురవ్వ మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. నీ కాళ్ళనడుగు అంది.

ఇవాళ పనేమీ లేక మా ఊరి బండి వెంట నడిచాను. ధాన్యం కొట్టు ముందు అది వేగం తగ్గించి దీపం దించింది. పుట్టినప్పటినుంచీ దాన్ని చూస్తున్నాను, ఎప్పుడూ కంటబడలేదు. ఎవరూ ఫిర్యాదు రాయలేదు. తప్పని తోస్తే కదా రాసేది. మా అమ్మను అడిగితే, "అక్కడంతేనే, గింజలుండే చోటు," అంది. ఆ కొట్టులో గింజలు పోయడం నా చిన్నప్పుడే మానేశారు. కింద భూమ్మీద మనవాళ్ళ ఊళ్ళో కొట్టు ఎవరిదమ్మా అంటే, మా పెద్దలు ఏదో జమీందారీ కింద బతికినవాళ్ళట, అంతకంటే తెలీదంది. ఆ మాట చెబుతూ గొంతు ఎందుకు తగ్గించావంటే తగ్గించలేదంది.

మళ్ళీ కొట్టు దగ్గరికి వెళ్ళాను. చేతిలోకి చూసుకుంటే చెప్పులున్నాయి. కింద పెట్టి తొడుక్కున్నాను. అరుగు ముందు, మనుషులెవరూ నడవని నడిమధ్యన నిలబడ్డాను. నవ్వు వస్తోంది.

బండి నా వెనక ఆగింది. దీపం ఇంకా దించే ఉంది. నేను అడుగు వేస్తానా లేదా అని చూస్తోంది.